తాడు మేడమ్ గారి ఉప్పు చెరువు

ఎవరు, శకుంతల మేడమ్ గారా? అబ్బో, ఆ పేరు ఇంకొకళ్ల నోట విని ఎన్నాళ్లయిందో. కూర్చో తల్లీ, ఆ స్టూలు ఇటు లాక్కో, దానికి ఓ కాలు పొట్టి, గోడకి ఆనించుకో. బాపట్లలో చదువుతున్నానన్నావు కదూ, మొక్కల చదువేనా? మేధ... ఊఁ, మంచి పేరు. నబీ సాహెబ్‌ని అడుగు అని నీకెవరు చెప్పారు, స్టేషన్ దగ్గర ఆటోవాళ్లా? ఇప్పుడున్నవాళ్లకి నేను గుర్తుండటమే గొప్ప. సరే, అడిగావు గాబట్టి చెప్తా, కానీ వరసగా చెప్పమంటే నా వల్ల కాదు, ఏది ముందు గుర్తొస్తే అదే వస్తది, నువ్వే సర్దుకోవాలి. రెండు వేల సంవత్సరం, జూన్ నెలనుకుంటా. అప్పటికి నేను రిక్షా మానేసి ఆటో ఎక్కి ఏడాదైంది. తెనాలి నుంచి పొద్దున వచ్చే పాసింజర్ కోసం మన రేపల్లె స్టేషన్ బయట కాసుకునేవాళ్లం. ఆ రైలుకి ఇదే ఆఖరు, పట్టాలు కూడా ఇక్కడితో సరి, దిగినోళ్లు ఎటో ఒకటు పోవాల్సిందే, మాకు బేరాలకి లోటుండేది కాదు. ఓ ఆదివారం ఒకావిడ దిగారు. అరవై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నేత చీర, కాళ్లకి మగాళ్లేసుకునే గుడ్డ బూట్లు. చేతిలో వైరు బుట్ట, అందులో నాలుగు ఇనప మేకులు, పసుపుపచ్చ నైలాను తాడు చుట్ట, ఓ లావుపాటి పుస్తకం. "పాతదిబ్బకి వస్తారా?" అన్నారు. పాతదిబ్బంటే నిజాంపట్నం దారిలో పోయి, లాకు దాటి, ఎడం చేతికి మట్టిరోడ్డు. మనిషి సంచారం లేని చోటు. "అక్కడెవరున్నారమ్మా?" అన్నాను. "ఎవరూ లేరండి. అందుకే వెళ్తున్నా," అన్నారు. నన్ను అండీ అన్న పాసింజర్లు అప్పట్లో ఎంతమంది ఉంటారు చెప్పు, చేతి వేళ్లు ఎక్కువ.

ఆ పాతదిబ్బలో వాళ్ల తమ్ముడిగారికి నాలుగెకరాల చెరువుండేది. గౌరీశంకరం గారని, తెనాలిలోనే ఉండేవారు. తొంభైల్లో రొయ్యల పిచ్చి పట్టింది చూడు అందరికీ, నీకు తెలీదులే, నువ్వు పుట్టలేదు, వరి పండే పొలం కూడా తవ్వి ఉప్పు నీళ్లు పెట్టారు. ఈయనా తవ్వించారు. రొయ్య ముట్టని పంతులుగారికి రొయ్యల చెరువేంటని ఊళ్లో నవ్వుకునేవాళ్లు కూడాను. రెండు పంటలు బానే తీశారు. తొంభై అయిదులో వైరస్ తగిలింది. పెంకు మీద తెల్లమచ్చలేసుకుని గట్టు పొడుగునా రొయ్యలు తేలిపోయాయి, ఆ కంపు లాకుల దాకా కొట్టేది. ఆయన ఆ పొద్దున గట్టు మీద నిలబడి చూసి, తూముకి తాళం వేసి వెళ్లిపోయారు, మళ్లా ఆ దారి తొక్కలేదు. నీళ్లు ఎండిపోయాయి, అయిదేళ్లు అట్టాగే పడుంది. ఈవిడేమో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో నేనడగలేదు, నువ్వూ అడక్కు. మొదటి రోజు గట్టు మీద నుంచుని చూస్తే లోపల ఏముందీ... తెల్లగా ఉప్పు పెచ్చు, పెచ్చు కింద నల్ల బురద, గుంటల్లో కాస్త పచ్చటి పాకుడు. నేనన్నాను, "ఏముందమ్మా ఇక్కడ చూడ్డానికి?" ఆవిడ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ముప్పయ్యేళ్లు పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేశానండీ. ఖాళీ నేల, దాని మీద నాచు, నాచు మీద గడ్డి, గడ్డి తర్వాత పొద, పొద తర్వాత అడవి. మెట్లు మెట్లుగా వేసేదాన్ని. ఒక్క మెట్టు కూడా నా కళ్లతో నేను చూళ్లేదు. పదేళ్లు దీని జోలికెవరూ రాకుండా చూడమని మా తమ్ముణ్ణడిగాను. సరేనన్నాడు."

అట్టా మొదలైంది. రెండు వారాలకో ఆదివారం, ఎండనక వాననక, ఆ రైలుకి దిగేవారు, నేను తీసుకెళ్లేవాణ్ణి. నాలుగు మేకులు నాలుగు మూలల కొట్టి, తాడు చుట్టి, ఆ చదరం లోపల ఏమున్నాయో లెక్క రాసుకునేవారు. లెక్కంటే ఎట్టాంటి లెక్కనుకున్నావ్, ఆకులు కూడా లెక్కబెట్టేవారు! మళ్లా తాడు విప్పి ఇంకో చోట. పశువులు తోలుకొచ్చేవాళ్లు చూసి "తాడు మేడమ్, తాడు మేడమ్" అనడం మొదలెట్టారు. ఆవిడకీ తెలుసు, ఏమనుకునేవారు కాదు. నాకు మొదట్లో విసుగే. ఆటోలో పడుకునేవాణ్ణి. మా ఆవిడ లాల్ బీ రొట్టెలూ వంకాయ కూరా కట్టిచ్చేది, ఆవిడ చక్కెర పొంగలి తెచ్చుకునేవారు, గట్టు మీద చెరో పక్కా కూర్చుని తినేవాళ్లం. ఓ ఏడాది పోయాక నేనూ దిగాను లోపలికి. మేకులు కొట్టడం నా పనైంది. మొదటేడు ఏమీ లేదు, పాకుడే, ఎండితే కాగితంలా లేచేది. రెండో ఏడు గట్టు వార ఇలకూర మొలిచింది. ఎరుగుదువా ఇలకూర? ఆకు ఇంత పొట్టిగా, లావుగా, గింజలా ఉంటది, నోట్లో వేసుకుంటే ఉప్పన. ఇక్కడ బీదాబిక్కీ పప్పులో వేసుకుంటారు. ఆ మొక్క ఉప్పుకి భయపడదు. ఒక కుదురు, తర్వాత దాని చుట్టూ పది, మూడో ఏటికి చెరువులో సగం ఎర్రగా, పచ్చగా అదే. ఆవిడ ముఖం వెలిగిపోయేది. "రెండో మెట్టు నబీగారూ," అనేవారు. మన్ను డబ్బాలో వేసుకుని బాపట్ల పట్టుకెళ్లి పరీక్ష చేయించేవారు, ఇలకూర కుదురు కింద ఉప్పు ఎంత, బయట ఎంత అని. కింద తక్కువ, బయట ఎక్కువ. నీడ పడితే నేలలో నీళ్లు ఆవిరి కావు, ఉప్పు పైకి లాగదు, అదీ సంగతి. నాకిదంతా ఆవిడ చెప్పిందే. నాది అయిదో క్లాసు.

ఇక గండి సంగతి. రెండు వేల మూడు, దసరా వెళ్లిన తర్వాత. వానలు బాగా పడుతున్నాయి. మేం వెళ్లేసరికి తూర్పు పక్క గట్టు తెగిపోయుంది. వానకి తెగింది కాదమ్మా, చూస్తే తెలిసిపోతది, పారతో నరికిన అంచు, నున్నగా. రెండు బారల వెడల్పు. అవతల కాలవ, కాలవ అటు సముద్రానికి పోద్ది, పోటెక్కినప్పుడు ఉప్పు నీళ్లు ఎదురొస్తాయి. ఆ నీళ్లన్నీ చెరువులోకి తోసుకొచ్చేశాయి. ఆవిడ మేకులు కొట్టిన చోట మోకాలి లోతు బురద నీళ్లు. ఆవిడ బూట్లతోనే దిగిపోయారు. అటూ ఇటూ తిరిగారు. వచ్చి ఆటోలో కూర్చుని ఏడ్చారు. నేను అంతకు ముందెప్పుడూ ఆవిడ ఏడుపు చూళ్లేదు, తర్వాతా చూళ్లేదు. "మూడున్నరేళ్లండీ. ఎవరూ వేలు పెట్టని చోటు ఒక్కటి కావాలన్నాను. ఒక్కటి," అన్నారు. అప్పుడు నేను... నేను చెప్పానమ్మా పేరు. ఏసుపాదం అని, అక్కడికి అరమైలులో పల్లె, పీతలు పట్టుకుని బతికే మనిషి. వారం ముందు టీకొట్టు దగ్గర ఎవరితోనో అంటుంటే విన్నాను, పాతదిబ్బ గట్టు కొట్టేస్తే గానీ పీత లోపలికి రాదని. విన్నది విన్నట్టు చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు కదా అంటావేమో. ఉండొచ్చు. ఆవిడ ఏడుస్తున్నారు, నా నోట్లో మాట ఆగలేదు. ఆవిడ ఇంటికెళ్లి తమ్ముడితో అన్నారు. ఆయనెవరికో ఫోన్ చేశారు. ఏసుపాదాన్ని తీసుకెళ్లి ఠాణాలో రెండు రోజులు కూర్చోబెట్టారు. కొట్టలేదంట. కానీ వాళ్ల పెద్దమ్మాయి అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లి, గోడకి ఆనుకుని గొంతుక్కూర్చున్న నాన్నని చూసొచ్చింది. మేడమ్ గారికి ఈ రెండు రోజుల సంగతి చాన్నాళ్లు తెలీదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. చూడు, చెప్పకూడని చోట చెప్పాను, చెప్పాల్సిన చోట మూసుకున్నాను.

తర్వాత మూడు నెలలు ఆవిడ రాలేదు. నాకు ఆదివారాలు ఏం చేయాలో తోచేది కాదు. మా ఆవిడ నవ్వేది, "మేడమ్ లేక నీకు గడ్డి మొలవట్లేదా?" అని. జనవరి నెలాఖర్లో దిగారు. మాట తగ్గింది. "గండి పూడ్పిస్తున్నామండీ, మా తమ్ముడు ట్రాక్టరు మాట్లాడాడు. మళ్లీ మొదట్నుంచీ చూడాలి. నాకింకా పదేళ్లు ఓపికుందంటారా?" అన్నారు. వెళ్లేసరికి ట్రాక్టరు వచ్చుంది, మట్టి దింపారు, నలుగురు పారలు పట్టుకుని ఉన్నారు. ఆటు వేళ, నీళ్లు దిగిపోయి బురద మెరుస్తోంది. ఆవిడ అలవాటు కొద్దీ బుట్ట తీసుకుని ఓసారి లోపలికి నడిచారు. పాత చదరాలు చూసుకోవడానికే అనుకో. నడిచి నడిచి ఒక ఇలకూర కుదురు దగ్గర వంగారు. వంగినావిడ లేవలేదు. కళ్లు తిరిగాయేమోనని పరిగెత్తాను. చూస్తే ఆవిడ రెండు చేతుల్తో కుదురు విడదీసి పట్టుకుని ఉన్నారు. లోపల రెండాకుల మొలక. చిక్కుడుగింజ నేలలో పెడితే ఎట్టా లేస్తది, బద్దలు రెండూ విప్పుకుని? అట్టా, కాకపోతే ఇంకాస్త లావు. ఇంకో కుదురు విడదీస్తే అందులో రెండు. ఇంకోదాంట్లో నాలుగు. "ఏంటమ్మా ఇవి?" అన్నాను. "మడ," అన్నారు. "మడ చెట్లండీ. గింజలు పోటు మీద కొట్టుకొచ్చి ఈ కుదుళ్లలో చిక్కుకున్నాయి. బయట చూడండి, ఉట్టి నేల మీద పడ్డవన్నీ మాడిపోయాయి." నిజమే, బయట నల్లగా ఎండిన గింజలు బోలెడున్నాయి. అవతల గట్టు మీంచి మేస్త్రీ కేకలు, "అమ్మా, పోటెక్కకముందే పోయాలి మట్టి, మళ్లీ నీళ్లొస్తే మావల్ల కాదు!" ఆవిడకి వినపడుతోంది. లేచి నిలబడి గండి వైపు చూశారు, నా వైపు చూశారు. "పూడిస్తే ఇవి చస్తాయి," అన్నారు. "పూడ్చకపోతే నా ప్రయోగం చస్తుంది." అని బుట్ట ఎత్తుకుని, "పదండి," అని గట్టెక్కి మేస్త్రీతో, "మట్టి వెనక్కి తీసుకెళ్లండి," అన్నారు. ఆ మేస్త్రీ తిట్టిన తిట్లు నీకు చెప్పలేను గానీ, సగం మట్టి అక్కడే వదిలేసి పోయారు.

అక్కణ్ణుంచి ఇంటికి పోదామంటారేమో అనుకున్నా. "ఆ ఏసుపాదం ఇల్లెక్కడ?" అన్నారు. పల్లె వైపు తిప్పాను. దారిలో ఆటో ఆపి అప్పుడు చెప్పాను రెండు రోజుల సంగతి. "ముందు ఆటో పోనివ్వండి," అన్నారు. తిట్టుంటే బాగుండేది. వాకిట్లో ఏసుపాదం వల అల్లుకుంటున్నాడు, లేవలేదు. వాళ్లావిడ లక్ష్మమ్మ ముక్కాలిపీట వేసి చెంబుతో నీళ్లిచ్చింది. మేడమ్ గారు తాగారు. తాగి, "తప్పు నాదయ్యా," అన్నారు. "నువ్వు గట్టు ఎందుకు కొట్టావని నిన్నడక్కుండా పేరు చెప్పాను." ఏసుపాదం అల్లుతూనే, "గండి పూడ్చారా అండీ?" అన్నాడు. "లేదు. పూడ్చను." "అయితే చాల్లెండి." ఆవిడ అంతటితో వదల్లేదు. "క్షమించానని అనవా?" అన్నారు. అతను తలెత్తాడు అప్పుడు. "అంత పెద్ద మాటలు నాకు తెలవదండి. నాకు కోపం ఉందండి. మా పిల్ల చూసింది నన్ను అక్కడ. కొన్నాళ్లు ఉంటదండి కోపం, తర్వాత పోద్దేమో, తెలవదు." అని, ఇక చెప్పుకుపోయాడు. "మా నాన్న నాడు అక్కడంతా మడేనండి. మీ పాతదిబ్బ అంటే మడదిబ్బ. కాలవ నోరు అదే. పోటొచ్చి లోపలిదాకా పోయేది, పీత అక్కడే పిల్లలు పెట్టేది. మీ చెరువులొచ్చి నోరు కట్టేశారు. తూము తాళమేసి పోయారు. పీత ఎటు పోవాలండి? మేమెటు పోవాలి?" మేడమ్ గారు పుస్తకం తీయలేదు, ఊరికే విన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకే ఒక్క మాట. "మూడున్నరేళ్లలో ఇక్కడ ఇదివరకు ఏముండేదని నేనెవర్నీ అడగలేదండీ." అంతకు ముందు, ఆటో ఎక్కబోతుంటే ఏసుపాదం నన్ను పక్కకి పిలిచాడు. "ఆవిడకి నా పేరు చెప్పింది నువ్వే కదా సాయిబూ?" "నేనే." "ఊఁ," అన్నాడు. అంతే. ఆ ఊఁ నాతో చానా ఏళ్లుంది.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. వేగం అంటే మొక్కల వేగం, మన వేగం కాదు. ఆవిడ కొత్త ప్రయోగం పెట్టారు. ఇరవై మడ మొలకలు చూసి, పదింటి చుట్టూ ఇలకూర పీకేశారు, పదింటికి ఉంచారు. నెల తిరిగేసరికి పీకిన చోట ఒక్కటి మిగిలింది, ఉంచిన చోట తొమ్మిది. ఇంకోసారి కాలవ ఒడ్డున గింజలు ఏరుకొచ్చి రెండు వందలు వరసలుగా నాటించారు నా చేత, నడుం పడిపోయింది నాకు. రెండు వారాలకి వెళ్తే ఒక్కటీ లేదు. ఏసుపాదం గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు, ఆ ఏడాదంతా మా జోలికొచ్చేవాడు కాదు, అడిగితే మాత్రం జవాబు చెప్పేవాడు. "పీతలకి బంతి భోజనం పెట్టారు మేడంగారూ," అన్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. అతను మాత్రం నవ్వలేదు. "వరసలో పెడితే పీత వరసలోనే తింటదండి. కుదురు లోపల ఉంటే దానికి కనపడదు," అన్నాడు. ఆ పీతలే మళ్లా మంచి చేశాయి, అదీ చిత్రం. ఎర్ర డెక్క ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉండే బుల్లి పీతలు చూశావా, నేలంతా బొక్కలు చేస్తాయి. ఆ బొక్కల్లోంచి గాలి దిగి, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే నల్ల బురద మెల్లగా బూడిదరంగుకి తిరిగింది. విత్తనం తినేదీ అదే, వేరుకి ఊపిరిచ్చేదీ అదే. "మరిది మంచిదా చెడ్డదా అమ్మా?" అని అడిగా ఒకసారి. "అది పీతండీ," అన్నారు. సునామీ వచ్చింది కూడా ఓ ఆదివారమే, గుర్తుందా, లేదులే నీకేం గుర్తుంటది. మా వంతు ఆదివారం కాదది. కాలవలోకి నీళ్లు ఎగదన్ని, మళ్లా వెనక్కి లాగేశాయి. నిజాంపట్నంలో పడవలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. మేం తర్వాతి వారం భయపడుతూ వెళ్లాం. మొలకలు జానెడున్నాయప్పటికి, కొన్ని బురదలో వాలిపోయాయి, చాలా మటుకు నిలబడే ఉన్నాయి. ఏసుపాదం వల పోయింది. లక్ష్మమ్మ మేకలు రెండు పోయాయి. మేడమ్ గారు ముందు వాళ్లింటికెళ్లి పలకరించి, తర్వాత చెరువుకొచ్చారు. ఆ రోజు అతను మాతో పాటు బురదలో దిగాడు, పిలవకుండానే. మేకు నా చేతిలోంచి తీసుకుని తనే కొట్టాడు. కోపం పోయిందా అని ఎవరూ అడగలేదు.

ఏడో సంవత్సరానికి మడ నా ఎత్తు దాటింది. నేల లోంచి పుల్లల్లాంటి వేళ్లు పైకి లేస్తాయి దానికి, నడుస్తుంటే బూటుకి గుచ్చుకునేవి. బురదలో గెంతే చేపలొచ్చాయి. వాటికోసం కొంగలొచ్చాయి. కొంగలు రాత్రిళ్లు వాలే చెట్ల కింద రెట్ట పడి అక్కడ చెట్టు ఇంకా ఏపుగా ఎక్కింది. మండపీత మళ్లా పట్టడం మొదలెట్టాడు ఏసుపాదం. కానీ ఇలకూర... చిక్కటి నీడ పడేసరికి అది పాలిపోయింది. కాడలు సాగి, ఆకు రాలి, ఒక్కో కుదురే పోయింది. గట్టు వార ఎండ తగిలే చోట కాస్త మిగిలింది. నాకు బాధేసింది, ఎందుకు దాచాలి. "చూడండమ్మా, ఇది లేకపోతే ఆ చెట్టు బతికేదా? ఇప్పుడు దీనికి ఎండ లేకుండా చేసింది," అన్నాను. ఆవిడ లెక్క రాసుకుంటూనే, "దీనికి ఆ చెట్టుని బతికించాలని లేదండీ నబీగారూ. ఆ చెట్టుకి దీన్ని చంపాలనీ లేదు. మనమే మధ్యలో కూర్చుని బంధుత్వాలు కలుపుతాం," అన్నారు. పేజీ తిప్పి, "నేను బోర్డు మీద మెట్లు వేసేదాన్నని చెప్పాను కదా. మెట్టంటే కాలు పెట్టి దాటేసేది. ఇది అట్లా లేదు. ఎవరో గండి కొడతారు, ఏదో కొట్టుకొస్తుంది, ఎక్కడో చిక్కుకుంటుంది. మళ్లీ పిల్లలకి చెప్పాల్సొస్తే ఆ బొమ్మ వేయను," అన్నారు. మళ్లా చెప్పాల్సి రాలేదనుకో.

చివర్లో కళ్లకి శుక్లాలు, మోకాళ్లు రెండూ పట్టేశాయి. లోపలికి దిగలేకపోయేవారు. గట్టు మీద గొడుగు కింద కూర్చుంటే, ఏసుపాదం లోపల తిరిగొచ్చి చెప్పేవాడు, ఆవిడ రాసేవారు. అతనికి పుస్తకం పేర్లు తెలవ్వు, ఆవిడకి అతని పేర్లు తెలవ్వు. "తోకూపుడు పిట్ట మూడండి. ముక్కు వంకర పెద్దది ఒకటండి. మా అమ్మ నత్తోడని పిలిచేది దాన్ని." "నత్తోడు, ఒకటి," అని అట్టాగే రాసుకునేవారు. ఒకరోజు రాయడం ఆపి, "ఏసుపాదం, కోపం పోయిందా?" అన్నారు. అయిదేళ్ల తర్వాత! అతను కాలి బురద గీక్కుంటూ, "ఎప్పుడు పోయిందో చూసుకోలేదండి," అన్నాడు. రెండు వేల తొమ్మిది, శ్రావణమాసం. రెండు ఆదివారాలు రాలేదు. మూడోది కాకముందే పొద్దున్నే ఫోన్. ఆవిడ పుస్తకం మొదటి పేజీలో నా నెంబరుందంట, దాని పక్కన ఏసుపాదం పేరుందంట, నెంబరు లేదు. రాత్రి నిద్రలోనే పోయారు, గుండె. నేను పల్లెకెళ్లి అతన్ని తీసుకుని అదే రైలెక్కాను, ఇటునుంచి అటు. నేనెప్పుడూ ఆ రైలు ఎక్కినోణ్ణి కాదు, ఎప్పుడూ దిగేవాళ్లని చూట్టమే. ఏసుపాదం తెల్లచొక్కా వేసుకున్నాడు.

తెనాలి గంగానమ్మపేటలో ఇల్లు. బయట అరుగు మీద పడుకోబెట్టారు. జనం ఎక్కువ లేరు, పాత స్టూడెంట్లు కొందరు ఆడవాళ్లు, పురోహితుడు, చుట్టాలు ఓ పది మంది. మేమిద్దరం ఎదురుగా టైలరు కొట్టు నీడన నుంచున్నాం, దగ్గరికెళ్లొచ్చో లేదో తెలీక. గౌరీశంకరం గారు చూసి వచ్చారు మా దగ్గరికి. ముసలాయన అయిపోయారప్పటికే. "మీరు?" అన్నారు. "ఆటో నబీనండి, రేపల్లె," అన్నాను. తల ఊపారు. ఏసుపాదం వైపు తిరిగారు. ఈయన ఫోన్‌తో ఠాణాలో కూర్చున్న మనిషి, కానీ ఈయన అతన్ని ఎప్పుడూ చూసింది లేదు. నేనేదో సర్ది చెబుదామని నోరు తెరిచాను. ఏసుపాదమే చెప్పాడు, గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మీ చెరువు గట్టు తెగ్గొట్టినోణ్ణండి." అవతల పురోహితుడు పిలుస్తున్నాడు, "శంకరం గారూ, వేళవుతోందండీ!" అని. "వస్తున్నా," అన్నారు, కదల్లేదు. కదలకుండా, "ఇప్పుడక్కడ ఏమున్నాయి?" అన్నారు. పద్నాలుగేళ్లు ఆ దారి తొక్కని మనిషి. ఏసుపాదం చెప్పడం మొదలెట్టాడు. గండి దగ్గర్నుంచి మొదలెట్టి, ఎడం చేతికి ఏముంది, కుడి చేతికి ఏముంది, ఎక్కడ బురద లోతు, ఎక్కడ పీత బొక్కలు, ఏ చెట్టు మీద ఏ పిట్ట కూర్చుంటది, అడుగడుక్కీ, నడిపించుకెళ్తున్నట్టే చెప్పాడు. పురోహితుడు మళ్లా పిలిచాడు. ఈయన చెయ్యెత్తి ఆగమన్నారు. కళ్లు మూసుకుని వింటున్నారు, "ఊఁ... ఊఁ... తర్వాత?" అంటున్నారు...

ఆఁ? ఏం లేదమ్మా. ఆ గండి ఆయన పూడ్పించలేదు, ఇప్పటికీ అట్టాగే ఉంది. టైమెంతయింది, తొమ్మిదిన్నరా? ఇవాళ పోటు పదకొండింటికి ఎక్కుద్ది. నువ్వు పాతదిబ్బ లోపల తిరిగి చూడాలంటే ఇప్పుడే లేవాలి. లే మరి, మా అబ్బాయి నాసిర్‌ని ఆటో తియ్యమంటా.